మధ్యలో ఆగిన రోలరు

మా అత్తయ్య సబ్బుని కూడా కడిగి వాడుతుందని హోటలు మేనేజరు నవ్వేవాడు. వేళాకోళానికి అన్నా అందులో పెద్ద అబద్ధం లేదు. కొత్త బకెట్టు కొంటే ముందు దాన్ని బ్లీచింగు నీళ్ళతో కడిగి ఎండలో బోర్లించేది. కొత్త చీపురు తెస్తే చీపురుకీ అదే మర్యాద. "ఎవరి చేతులు పడ్డాయో ఏమో" అనేది ఆవిడ ఊతపదం. ఆ మాట వినగానే ఇంట్లో పిల్లలు చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళు.

మాది లాండ్రీ. ముందు పని, వెనక కాపురం. ఊళ్ళో హోటళ్ళ దుప్పట్లూ దిండు గలీబులూ తువాళ్ళూ మా దగ్గరికే వచ్చేవి. తొట్లలో నాని, మిషన్లలో తిరిగి, పిండే మిషనులోంచి సగం ఆరి బయటపడి చివరికి రోలరు దగ్గరికి చేరేవి. రోలరంటే మంచం పొడవున తిరిగే దుంగ. దాని కింద నిప్పులా కాలే ఇనప దొన్నె. రెండింటి మధ్య నుంచి తడి దుప్పటి వెళ్ళి, అవతల పొడిగా నున్నగా జారుతుంది. ఇద్దరు చెరో కొనా పట్టుకుని అందించాలి. ఒకరు వదిలేస్తే దుప్పటి మెలికలు తిరిగి చుట్టుకుంటుంది. రోలరును మధ్యలో ఆపితే ఆగిన చోట గుడ్డ కాలి గోధుమరంగు చార పడుతుంది. అందుకని ఒకసారి వేశాక దుప్పట్ల గుట్ట అయిపోయేదాకా ఆ ఇద్దరూ కదలకూడదని అత్తయ్య శాసనం.

"రోలరు వేసే ముందే అన్ని పనులూ చూసుకుని రండి. తర్వాత భూకంపం వచ్చినా నాకు చెప్పొద్దు" అనేది.

ఆ వేసవిలో ఊరికి వచ్చేపోయే జనం ఎక్కువై హోటళ్ళన్నీ కిటకిటలాడాయి. మాకు గుట్ట తరగడమన్నది లేదు. రోలరుకి ఇటు పక్క నేను, అటు పక్క నా తోటికోడలు. వసపిట్టలా వాగుతూ ఉండేదని ఆమెకి చిలక అని పేరు పెట్టాడు ఆమె మొగుడు, మా మరిది. దుప్పటి వెళ్ళి వచ్చేలోపు ఒక కథ చెప్పేది. ఫలానా గదిలో కొత్తజంట దిగినట్టుందనీ, ఫలానా దుప్పటి మీద ఎవరో పడుకుని కాఫీ తాగినట్టున్నారనీ మరకలు చూసి జాతకాలు చెప్పేది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కడుపు పండింది. డాక్టరమ్మ ఆరో నెల అని చెప్పిన రోజు మా మరిది డెలివరీ వ్యానుకి హారను రెండోది బిగించుకొచ్చాడు. ఎందుకురా అని అత్తయ్య అడిగితే "ఊరికే, సంతోషానికి" అన్నాడు.

అలాంటి చిలక ఆ వేసవి మధ్యలో మాట్లాడడం మానేసింది. పెదవులు ఎండిపోయి ఉండేవి. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే పెదవి తడుపుకుని పక్కన పెట్టేసేది. "ఏమే, మాటలన్నీ అయిపోయాయా?" అని అడిగితే "ఎండక్కా" అనేది. నేనూ ఎండే అనుకున్నాను. రోలరు పక్కన నిలబడ్డవాళ్ళకి అంతకన్నా వేరే కారణం ఏం కావాలి?

నెలవారీ చూపించుకోవడానికి అత్తయ్యా నేనూ తనని తీసుకెళ్ళాం. డాక్టరమ్మ బరువు చూసి, బి.పి. చూసి, మూత్రం పరీక్ష రాసింది.

"కల్చరు అని చేస్తారు. క్రిములుంటే రెండు రోజుల్లో అందులో పెరిగి కనబడతాయి. కడుపుతో ఉన్నవాళ్ళలో కొందరికి ఏ బాధా లేకుండానే లోపల పెరుగుతూ ఉంటాయి. ముందే చూసుకుంటే మంచిది."

'క్రిములు' అన్న మాటకి అత్తయ్య వీపు నిటారైంది.

"మా ఇంట్లో అలాంటివి ఉండవమ్మా. ఊరందరి మురికీ వదలగొట్టేది మేమే."

"ఎవరికైనా రావచ్చు పెద్దమ్మగారూ" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"ఎవరికైనా రావచ్చు. మా ఇంట్లో రావు."

చిలక చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ తల వంచుకుంది.

నర్సు కవరులో ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, పొద్దున్నే ముందు కొంచెం వదిలేసి మధ్యలో వచ్చేది పట్టి వెంటనే తెచ్చివ్వమని చెప్పింది. ఇంటికి రాగానే అత్తయ్య కవరు చించి డబ్బాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మూత తిప్పి చూసింది. వాసన చూసింది.

"దీన్నే నేరుగా వాడేస్తారా? ఎవరి చేతులు పడ్డాయో ఏమో."

"కవరులోనే ఉంది కదత్తయ్యా" అన్నాను.

"చెత్త కూడా కవరులోనే వేస్తాం."

ఆ ఇంట్లో నేను అన్నేళ్ళుగా ఉన్నాను. కొత్త వస్తువు కడగడం, పొద్దున్నే తలుపు తీయడం లాంటిది. ఎవరూ పట్టించుకోరు. అత్తయ్య డబ్బాని బ్లీచింగు నీళ్ళలో ముంచి తీసి, దులిపి, ప్రహరీ గోడ మీద బోర్లించింది. మర్నాడు పొద్దున్న దాన్నే చిలక చేతికిచ్చింది.

ఫలితం వచ్చింది. ఏమీ పెరగలేదట.

దుప్పట్లు లెక్క చూసుకోవడానికి వచ్చిన హోటలు మేనేజరుతో అత్తయ్య, "మా కోడలి ఒంట్లో ఒక్క క్రిమి కూడా లేదట. ల్యాబువాళ్ళే చెప్పారు" అంది.

"ఉంటే మాత్రం మీకు భయపడి బయటికి వస్తుందామ్మా?" అన్నాడాయన.

డాక్టరమ్మకి మాత్రం ఆ ఫలితం మింగుడు పడలేదు.

"చీము కణాలు కనిపిస్తున్నాయి. కానీ ఏదీ పెరగలేదు. ఏమ్మా, వెళ్ళినప్పుడు మంటగా ఉంటోందా? మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తోందా? నడుము పక్కల నొప్పేమైనా ఉందా?"

చిలక ఒక్క క్షణం అత్తయ్య వైపు చూసింది. "లేదండి" అంది.

"అయితే మళ్ళీ ఒకసారి ఇవ్వండి. ఈసారి పట్టేటప్పుడు జాగ్రత్త."

జాగ్రత్త అన్న మాటని అత్తయ్య తనకే చెప్పినట్టు తీసుకుంది. రెండో డబ్బాని మొదటిదానికన్నా శ్రద్ధగా కడిగింది. రెండోసారీ ఏమీ పెరగలేదు.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం రోలరు మీద ఉన్నాం. ఎదుటి గోడ కూడా ఉడికిపోతున్నట్టుంది. నా చేతిలో దుప్పటి కొన ఉన్నట్టుండి వణకడం మొదలుపెట్టింది. మిషనేమో అనుకున్నాను. చూస్తే, అటు కొస పట్టుకున్న చిలక వణుకుతోంది. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి.

"చలేస్తోందక్కా" అంది.

ఆ రోలరు ముందు నిలబడి చలి అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. "అత్తయ్యా!" అని అరిచాను. అత్తయ్య పరుగున వచ్చి చిలక చేతిలోంచి దుప్పటి కొన అందుకుని, "నువ్వు కూర్చో" అంది. చిలక అక్కడే తడిగుడ్డల మూట మీద కూలబడి ఒక చేత్తో నడుము పట్టుకుంది. దుప్పటి అవతలికి జారింది. రోలరు ఆగలేదు. అత్తయ్య చేయి అలవాటుగా ఇంకో దుప్పటి మీదికి వెళ్ళింది. నేను నా కొస తీసుకోకుండా వెళ్ళి చిలక నుదుటి మీద చేయి వేశాను. ఇస్త్రీపెట్టె ముట్టుకున్నట్టయింది.

"ఏమండీ, వ్యాను తీయమనండి మీ తమ్ముణ్ణి" అని మా ఆయనకి కేకేశాను.

దుప్పటి మూటల మధ్యే చిలకని పడుకోబెట్టుకుని వెళ్ళాం. దారి పొడవునా మా మరిది రెండు హారన్లూ మోగిస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిలకని పక్కకి తిప్పి వీపు కింద, పక్కటెముకల దగ్గర పిడికిలితో మెల్లిగా తట్టింది. గది గోడలు అదిరేలా చిలక అరిచింది. డాక్టరమ్మ కడుపు మీద చేయి వేసి ఉంచి, గడియారం చూసి, నర్సుకి ఏదో చెప్పింది.

"మూత్రపిండం దాకా పాకింది. కడుపు కూడా బిగుస్తోంది. జ్వరం తగ్గకపోతే నెలలు నిండకుండానే కాన్పు వచ్చేయొచ్చు. సెలైనులోనే మందు పెడుతున్నాం. బిడ్డకి హాని చేయని మందే."

మా మరిది గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అత్తయ్య నిలబడే ఉంది. ఈసారి నర్సే దగ్గరుండి పట్టించి డబ్బా తీసుకెళ్ళింది.

సాయంత్రానికి చిలకకి కాస్త తెలివి వచ్చింది. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఎన్నాళ్ళనుంచే?" అన్నాను.

"ఆ మొదటి పరీక్షకి వెళ్ళకముందు నుంచే. నిప్పులు పోసుకున్నట్టు ఉండేదక్కా. చుక్క వచ్చేది, మళ్ళీ వెంటనే వెళ్ళాలనిపించేది. రోలరు దగ్గర ఎన్నిసార్లని వెళ్తాను? నీళ్ళు తాగకపోతే ఆ గొడవే ఉండదనుకున్నా."

"నాకైనా చెప్పాలి కదే."

"మా ఇంట్లో అలాంటివి ఉండవని అత్తయ్య అన్నారుగా. బయటి నుంచి వచ్చిన కోడల్ని, ఉన్నాయంటే ఇంకేముంది? నేనే మోసుకొచ్చినట్టు కాదూ?" కళ్ళ చివర నుంచి నీళ్ళు దిండులోకి కారాయి. "ఏమీ లేదని పరీక్షలో కూడా వచ్చింది కదా. నాకే అనిపిస్తోందేమో అనుకున్నా. అక్కా, లోపల కదులుతోందిలే. ఇందాక తన్నింది."

కడుపు మీద నా చేయి పెట్టించుకుంది. నిజమే, కదిలింది.

రెండో రోజుకి జ్వరం దిగడం మొదలుపెట్టింది. కడుపు బిగుసుకోవడం ఆగింది. ఆ మర్నాడు డాక్టరమ్మ కొత్త ఫలితం పట్టుకుని వచ్చింది. అందరం గదిలోనే ఉన్నాం.

"ఇక్కడ బోలెడన్ని పెరిగాయి. మీరు బయట ఇచ్చిన రెండుసార్లూ ఏమీ లేదు. మధ్యలో ఎవరైనా మందులిచ్చారా?"

"లేదండి" అంది చిలక.

"ల్యాబువాళ్ళ నిర్వాకం మేడమ్ ఇది!" మా మరిది లేచాడు. "పొద్దున్నే ఫోను చేసి ఆ ల్యాబు పిల్లకి నాలుగు చీవాట్లు పెట్టాను. మావాళ్ళది వేరే ఎవరిదాంట్లోనో కలిపేసి ఉంటుంది. ఇప్పుడు వెళ్ళి ఆ అద్దాలూ గిద్దాలూ పగలగొట్టి..."

"కూర్చో" అంది అత్తయ్య.

"ఏంటమ్మా కూర్చునేది? వాళ్ళ వల్లే కదా..."

"కూర్చోరా."

అత్తయ్య మంచం చివర స్టూలు మీద ఉంది. అంతసేపూ ఆసుపత్రి దుప్పటి అంచు వేలికి చుట్టి విప్పుతూ ఉంది. తలెత్తకుండానే అడిగింది.

"డాక్టరమ్మా, ఆ డబ్బాని బ్లీచింగు నీళ్ళతో కడిగితే ఏమవుతుంది?"

డాక్టరమ్మ చేతిలో కాగితం కిందికి దిగింది. "కొంచెం తడి మిగిలినా చాలు. అందులో పడ్డవన్నీ చచ్చిపోతాయి. పరీక్షకి ఏమీ మిగలదు."

"నేను కడిగాను" అంది అత్తయ్య. "రెండుసార్లూ నేనే కడిగాను."

సెలైను చుక్క పడడం కనిపిస్తోంది. మా మరిది నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏ మాట వస్తుందో నాకు తెలుసు. వస్తే అది ఆ ఇంట్లో ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు.

"అత్తయ్యా," అంది చిలక మంచం మీద నుంచి, "కొంచెం నీళ్ళిస్తారా?"

అత్తయ్య లేచింది. నర్సు అప్పుడే కడిగి మూతపెట్టి వెళ్ళిన గ్లాసు తీసి, అలవాటు చొప్పున కుళాయి వైపు నడిచింది. సగం దారిలో ఆగింది. వెనక్కి వచ్చి కూజాలో నీళ్ళు ఆ గ్లాసులోనే వంచి చిలక నోటికి అందించింది. చిలక గ్లాసు ఖాళీ చేసి ఇంకా కావాలంది. మా మరిది నోరు మూసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "ఇంటి శుభ్రానికీ దీనికీ సంబంధం లేదు పెద్దమ్మగారూ. కడుపు పెరిగేకొద్దీ మూత్రం వెళ్ళే గొట్టాల మీద బరువు పడుతుంది. లోపల నిలవ ఉండిపోతుంది. ఈ పిల్ల నీళ్ళు తాగలేదు, వచ్చింది బిగపట్టుకుంది. నిలవ ఉంటే ఏం పెరుగుతుందో తొట్లతో పనిచేసే మీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదమ్మా" అంది అత్తయ్య.

ఇంటికి వచ్చాక మాత్రలు ఇంకా మిగిలి ఉన్నాయి. మంట పోయింది, నొప్పి పోయింది, చిలక మళ్ళీ వాగడం మొదలుపెట్టింది. ఆసుపత్రి దుప్పట్లు ఎవరు ఉతుకుతారో గానీ నీలం ఎక్కువ వేస్తున్నారని మొదటిరోజే తీర్పు చెప్పింది. "తగ్గిపోయింది కదమ్మా, ఇన్నిన్ని మాత్రలు బిడ్డకి ఎందుకు?" అన్నాడు మా మరిది.

"మరక తడిమీద పోయినట్టే ఉంటుంది. ఆరాక బయటపడుతుంది" అంది అత్తయ్య. "డాక్టరమ్మ ఇచ్చినవన్నీ అయిపోవాల్సిందే." పూటపూటకీ మాత్ర తానే చేతిలో పెట్టి, పెద్ద చెంబుతో నీళ్ళిచ్చి, చెంబు బోర్లించేదాకా అక్కడే నిలబడేది. "రోలరుకన్నా ఘోరంగా కాపలా కాస్తున్నారక్కా" అని నా చెవిలో గొణిగేది చిలక.

మందులు ముగిశాక మళ్ళీ పరీక్ష చేయించమన్నారు. డబ్బా ఉన్న కవరుని అత్తయ్య రెండు వేళ్ళతో పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టి, చేతులు చీర కొంగులో చుట్టుకుని దూరంగా కూర్చుంది. పొద్దున్న చిలకే కవరు విప్పుకుంది. నింపిన డబ్బాని ల్యాబుకి తీసుకెళ్తానని అత్తయ్యే బయలుదేరింది. తోడు నేను వెళ్ళాను.

ల్యాబు పిల్ల మమ్మల్ని చూసి ముడుచుకుంది. మా మరిది పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నట్టున్నాయి.

"అమ్మాయ్," అంది అత్తయ్య, "ఆ రోజు మావాడు నీ మీద అరిచాడు. నీ తప్పేం లేదు. ఆ డబ్బాలు నేను బ్లీచింగు నీళ్ళతో కడిగి ఇచ్చాను."

ఆ పిల్ల ఒకసారి అత్తయ్యనీ ఒకసారి డబ్బానీ చూసింది. "మరి ఇది?"

"దీనివైపు కన్నెత్తి కూడా చూడలేదు."

ఆ పిల్లకి నవ్వాగలేదు. అత్తయ్య కూడా నవ్వింది.

ఏమీ పెరగలేదని వచ్చింది. ఆ సంగతి అత్తయ్య హోటలు మేనేజరుకి చెప్పలేదు.

వేసవి చివర, మబ్బులు పట్టే రోజుల్లో, చిలక బదులు నాతో రోలరు దగ్గర నిలబడే పనావిడ ఒకరోజు రాలేదు. అత్తయ్య గల్లా దగ్గర బట్టలు తీసుకుంటోంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కూర్చునే గలీబులు మడతపెడుతున్న చిలక "కూర్చుని కూర్చుని కాళ్ళు మొద్దుబారాయి, ఉన్నవి కాసినే కదా, నేను పట్టుకుంటానక్కా" అని లేచి కొన అందుకుంది. వద్దంటే వినలేదు. కాసేపు బాగానే అందించింది. హోటల్లో దిగిన ఒక లావుపాటాయన గురించి కథ కూడా మొదలుపెట్టింది. కథ మధ్యలో మాట ఆగింది. ఒక కాలు మీది బరువు ఇంకో కాలు మీదికి మార్చుకుంది. గుట్ట వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే గల్లా దగ్గర నుంచి అత్తయ్య చెప్పులు టపటపమన్నాయి.

వచ్చి ఎర్ర మీట నొక్కింది.

రోలరు ఆగింది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక దుప్పటి లోపల ఉండగా అది ఆగడం అదే మొదటిసారి. ఆ మోత లేకపోతే మా ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టడం వినిపించింది.

"వెళ్ళు" అంది అత్తయ్య.

"అత్తయ్యా, దుప్పటి లోపలే ఉంది. కాలిపోతుంది..."

"కాలనీ. నువ్వు వెళ్ళు."

చిలక పరుగులాంటి నడకతో వెళ్ళింది. కమురు వాసన వేసింది. దుంగని పైకి లేపి ఇద్దరం దుప్పటిని బయటికి లాగాం. తెల్లటి గుడ్డ మీద అడ్డంగా గోధుమరంగు చార. హోటలుకి బదులు కొత్త దుప్పటి పంపించింది అత్తయ్య. మేనేజరు "మీ చేతిలో కూడా కాలుతుందామ్మా?" అని ఆశ్చర్యపోతే, "కాల్చాను" అని ఊరుకుంది.

వానలు నిలదొక్కుకున్నాక, నెలలు నిండాకే, చిలకకి ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడే గొంతు ఆసుపత్రంతా వినిపించింది. తల్లి పోలికే. పిల్ల కింద వేయడానికి మెత్తటి గుడ్డలు కావాల్సొచ్చి ఆ కాలిన దుప్పటిని ముక్కలు చేయడానికి నేను కత్తెర తీశాను. మామూలు నీళ్ళలో ఎన్నోసార్లు ఉతికి దాన్ని పట్టులా చేసిపెట్టింది అత్తయ్య. చార ఉన్న మేర కత్తిరించి పారేద్దామని కొలుస్తుంటే నా చేతి మీద చేయి వేసింది.

"ఉండనీ. అది కాలింది, అంతే. మురికి కాదు."